బిరుదమా, బిళ్లయా?

సంగారెడ్డికి సమీపమున కొండాపురమను గ్రామము కలదు. దానికి దక్షిణముగా పొలముల నడుమ లేచియున్న పాటిదిబ్బను ఊరివారు కోటగడ్డ యందురు. 1940 ప్రాంతమున, గులాం యజ్దానీగారు నిజాము ప్రభుత్వపు పురాతత్త్వశాఖకు పెద్దగా నుండగా, ఖ్వాజా మహమ్మద్ అహ్మద్‌గారి పర్యవేక్షణమున ఆ దిబ్బను త్రవ్వింపగా సాతవాహనుల కాలపు ఇటుక కట్టడములు, తెల్లమట్టి బొమ్మలు, పూసలు, వానితోపాటు లెక్కకు మిక్కిలిగా నాణెములు వెలికి వచ్చెను. అచ్చులును మూసలును కూడ దొరకుటచే అచట ఒక టంకశాల యుండెడిదని పురాతత్త్వజ్ఞులు తలంచిరి. నేడు ఆ దాపుననే కేంద్ర పురాతత్త్వశాఖవారి ప్రదర్శనశాల యున్నది.

దానిని చూచి వచ్చి వెలుపలి చెట్టునీడను కూర్చున్న ఇద్దరు బంధువుల వాదమిది. ఒకరు సంగారెడ్డిలో చిరకాలము తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలు. శాసనమన్నచో వారికి ప్రాణము. రెండవయతడు వారి మేనల్లుడు, పటాన్‌చెరువు పారిశ్రామికవాడలో ఒక చిన్న కర్మశాలయందు డైలు చెక్కు పనివాడు. పాతనాణెముల పిచ్చి గలవాడు. వాదమునకు మూలము గౌతమీపుత్ర శాతకర్ణి: ఆ రాజును మనకు నిజముగా తెలుపునది ఆయన బిరుదావళియా, ఆయన నాణెమా యని. నా మొగ్గు ఎటో చదువరులు పసిగట్టక మానరు. దానిని దాచుటకు నేనును ప్రయత్నింపలేదు.

మామ : అల్లుడా, ఆ గాజుబల్లపై వంగినవాడవు వంగినట్లే యుంటివి. అందు నీకేమి గోచరించెనో గాని, నాకు గోచరించినది తొండము సగము పోగొట్టుకొన్న యొక యేనుగు, మూడు వంపుల కొండ, అడ్డగీతయు నిలువుగీతయు ఖండించుకొని నాలుగు కొనలందు నాలుగు వలయములు గల ఉజ్జయినీ చిహ్నము, అరుగగా మిగిలిన రెండు మూడు బ్రాహ్మీ అక్షరములు, ఇంతియే. త్రిసముద్రాధీశ్వరుడైనవాడు ఈ సీసపు బిళ్లలో ఇముడునా? ఆయనను చూడగోరువాడు నాసికకు పోవలెను. అచట మూడవ గుహలో, ఆయన కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి యేలుబడి పందొమ్మిదవ యేట, ఆయన తల్లి గౌతమీ బలశ్రీ చెక్కించిన శాసనమున్నది. అసిక, అసక, ములక, సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతి దేశములకు ప్రభువనియు, వింధ్యము మొదలు సహ్య మలయ మహేంద్రముల దాక గల పర్వతములకు పతియనియు, తన వాహనములచే మూడు సముద్రముల నీరు త్రావించినవాడనియు, శక యవన పహ్లవులను మట్టుపెట్టి క్షహరాత వంశమును నిశ్శేషము గావించి సాతవాహన కులయశస్సును మరల నిలిపినవాడనియు, క్షత్రియుల దర్పమానములను మర్దించిన ఏకబ్రాహ్మణుడనియు, ఇంతటివాడయ్యును తల్లికి ఎడతెగక శుశ్రూష చేసినవాడనియు, అపరాధియైన శత్రువునందు సైతము ప్రాణహింసకు ఇచ్చగింపనివాడనియు ఆ తల్లి వర్ణించినది. రాజును గూర్చి మరి యేమి కావలెను?

అల్లుడు : తల్లి యని మీరే సెలవిచ్చితిరి గదా మామా! కాకిపిల్ల కాకికి ముద్దు.

మామ : చక్రవర్తి నెంతమాటంటివి!

అల్లుడు : చక్రవర్తిని కాదు మామా, సాక్షిని అంటిని. కొడుకు గతించిన పిదప, మనుమడు ఏలుచుండగా, పుత్రశోకముతో ఒక తల్లి చెప్పిన మాటలవి. ఆమె దుఃఖమును నేను శంకింపను. ఆమె లెక్కను శంకింతును. అంతేగాక ఆ గుహలో దానిని చదువువారెవరు? వర్షాకాలమున అచట నిలిచెడి భిక్షువులు, దానమిచ్చినవారి ఉద్యోగులు. వారిలో ఎవడు లేచి "అమ్మా, సురాష్ట్రము ఇప్పుడు మన చేత లేదు గదా" యని యడుగును? నాణెము సంగతి యట్లు కాదు. అది ప్రతిదినము సంతలో ఒక అపరిచితుని చేతిలో పడి, వాడు దానిని తిప్పి చూచి, గిల్లి చూచి, పుచ్చుకొనుటయో త్రోసివేయుటయో చేయవలెను. నాసిక దాపుననే 1906లో జోగల్‌తెంభి యను ఊర దొరికిన నిక్షేపము మీకు తెలిసినదే. అందు 13,250 వెండినాణెములు. అన్నియు క్షహరాతుడైన నహపానునివి. వానిలో 9,270 నాణెములమీద గౌతమీపుత్రుడు తన కొండను, తన ఉజ్జయినీ చిహ్నమును కొట్టించెను. క్షహరాతులు ఓడిరనుటకు నాకు ఆ దెబ్బలు చాలును.

మామ : కరిగించి క్రొత్తవి పోయక పాతవానిపైననే యేల కొట్టించెను? లేమియా?

అల్లుడు : పనివాని కన్నుతో చెప్పెదను వినుడు. వెండి కరిగించినప్పుడెల్ల కొలిమిలో కొంత తరుగుపోవును; బొగ్గు కావలెను, మూస కావలెను, తూచి మరల బిళ్లలు చేయు మనుష్యులు కావలెను. ఉన్న బిళ్ల తూకము సరిగా నున్నదని సంతయంతయు ఎరుగును. అట్టిదానిని చెరుపుట తెలివి కాదు. క్రింది డైని దిమ్మెలో బిగించి, బిళ్లను దానిపై నిలిపి, మీది డై పట్టి సుత్తితో ఒక్క పోటు; అంతటితో రాజు మారెను. కాని పాతరూపు పూర్తిగా చావదు. నహపానుని నాణెముపై ఆయన ముఖము, చుట్టును గ్రీకు లిపి. వెనుకవైపున బాణము, వజ్రాయుధము, బ్రాహ్మీ ఖరోష్ఠీ అక్షరములు. మీది దెబ్బ కొంచెము వాలుగా పడినచో కొండ వంపుల నడుమనుండి నహపానుని ముక్కు కనబడుచునే యుండును. మా కర్మశాలలో అట్టి రేకు వచ్చినచో తిరస్కరింతుము. ఆనాటి టంకశాల కమ్మటీడు మాత్రము దానిని సంతలోనికి విడిచెను. ఓడినవాని ముఖము గెలిచినవాని గుర్తు క్రింద నలిగి కనబడుటయే వానికి కావలసినదేమో యని నా యనుమానము.

మామ : అనుమానము బాగున్నది. ఇక నా లెక్క వినుము. 13,250లో 9,270 పోగా మిగిలిన 3,980 మాటయేమి? నీ న్యాయముచే వానిపై ఇంకను నహపానుడే రాజు. అవియు ఇవియు ఒకే చోట కూడియుండెను. దాచుకొన్నవాడు ఏ రాజు ముద్రయని వేరుచేయలేదు. వానికి కావలసినది వెండి. మరియొకటి. ముద్రమీద ముద్ర పడినదని నీ నాణెము చెప్పును. ఎందులకు పడినదో చెప్పదు. క్షహరాతుల ఉన్మూలనమును గౌతమి చెప్పి యుండనిచో, ఈ రెండు ముద్రలు ఒడంబడిక చేసికొన్న ఇద్దరు రాజులవని వాదించుటకు పండితులు పుట్టకపోవుదురా? నీ 9,270 సాక్షులు మూగవారు నాయనా. వారికి నోరిచ్చినది ఆ ముసలితల్లి.

(ఈ దెబ్బకు అల్లుడు కొంత తడవు మాటాడలేదు. ఆ వ్యవధిలో వాదమునకు మూలమైన సీసపు బిళ్లను చదువరికి దగ్గరగా చూపవలెను. అది సరియైన వలయము కాదు. ఒక ప్రక్క మందము, ఒక ప్రక్క పలుచన. బూడిదరంగు మీద సున్నము చల్లినట్లు తెల్లని పొర కట్టినది. ఏనుగు కుడివైపు నడచుచు తొండమెత్తినది గాని, ఎత్తిన తొండపు కొన బిళ్ల అంచు దాటి గాలిలోనికి పోయినది. దాని తలపై నుండవలసిన అక్షరములలో పాదములు మాత్రమే మిగిలినవి. వెనుకవైపు మాత్రము ఉజ్జయినీ చిహ్నము నాలుగు వలయములతో నిండుగా దిగియున్నది.)

మామ : ఇదిగో, అక్షరములు సగము తెగిపోయినవి. రాజు పేరును సరిగా పట్టని బిళ్ల రాజు చరిత్రను పట్టునా?

అల్లుడు : తెగినది రాజు దోషము కాదు, పనివాని తొందర. డై పెద్దది, బిళ్ల చిన్నది. మధ్య నున్న బొమ్మ పడును, అంచున నున్న వ్రాత పడదు. సీసము 327 డిగ్రీలకే కరగును, వంటపొయ్యి చాలును; మెత్తనిది గనుక చల్లగా నున్నప్పుడే అచ్చు దిగును. అందుచే ఇట్టివానిని త్వరత్వరగా వేలకొలది చేసిరి. పది బిళ్లలు ప్రక్కప్రక్కన పెట్టినచో ఒకదానిలో తెగినది మరియొకదానిలో దొరకును, వ్రాత పూర్తియగును. అప్పుడేమి చదువుదుము? "రాజు", తల్లి పేరు, "సిరి", తన పేరు. అంతే! మూడు సముద్రములు లేవు, పర్వతములు లేవు, ఏకబ్రాహ్మణుడు లేడు. గౌతమీపుత్రుడైనను, పులుమావియైనను, వారి వంశమున తరువాత ఏలిన యజ్ఞశ్రీయైనను అంతియే వ్రాయించిరి. యజ్ఞశ్రీ వెండినాణెములపై ఒక ప్రక్క ప్రాకృతమును, వెనుక ప్రక్క దక్షిణదేశపు జనభాషయును గలవు. రెంటను ఇంతకు మించిన గొప్పలు లేవు.

మామ : చోటు లేక మానిరి.

అల్లుడు : చోటు చాలలేదనుటకు లేదు. రోము చక్రవర్తి అగస్టసు బంగారు నాణెము ఈ కొండాపురమందే దొరికెను గదా. అగస్టసు నాణెములు మన సీసపు బిళ్లకంటె పెద్దవి కావు. అయినను ఆ చుట్టును "దైవపుత్రుడు", "పితృదేశమునకు తండ్రి" మొదలగు బిరుదములను పొడి యక్షరములలో కుదించి కుదించి క్రుక్కించినవి అనేకములు. కావలెనన్నచో మనవారును క్రుక్కించెడివారే. గుహలో ఒక మాట, సంతలో ఒక మాట పలుకవలెనని వారికి తెలిసియే యుండెను.

మామ : బాగుగా చిక్కితివి! అగస్టసు నాణెము కొండాపురమున దొరికెను. నీ సిద్ధాంతము చొప్పున అగస్టసు సంగారెడ్డి జిల్లాను ఏలెనా?

అల్లుడు : (నవ్వి) ఏలలేదు మామా. బంగారము దేశములు తిరుగును. దాని దారి వర్తకము దారి; రాజుతో దానికి పని లేదు. నేను పట్టుకొన్నది సీసమును. సీసపు చిల్లర ఊరుదాటి దూరము పోదు. పోయినచో మోతకూలి దాని వెలను మించును. ఎచట సీసపు నాణెములు కుప్పలుగా దొరకునో, ఎచట వాని మూసలును దొరకునో, అచట ఆ రాజు మాట చెల్లెనని చెప్పవచ్చును. బలశ్రీ పేర్కొన్న దేశములను మరల చదువుడు. మనమిప్పుడు కూర్చున్న నేల అందున్నదా? ఆమె మరచినదానిని ఈ సీసము చెప్పుచున్నది.

మామ : ఆమె మరువలేదు, నీవు తొందరపడితివి. అసక మనగా అశ్మకము; దాని రాజధాని పోదనమును పెద్దలు మన బోధనని గుర్తించిరి. బోధను ఇచటికి ఎంత దూరము? శ్రీపర్వతమును, మహేంద్రగిరిని ఆమె పేర్కొన్న సంగతి మాత్రము నీవు విడిచితివి. సరే, సీసము మాట వచ్చినది గనుక నడిగెదను. ఈ దేశమున సీసము కరవనియు, రత్నములను ముత్యములను ఇచ్చి హిందూదేశీయులు దానిని కొనెదరనియు రోమీయుడు ప్లినీ వ్రాసెను గదా. భరుకచ్ఛపు రేవున దిగు సరకులలో సీసమును గ్రీకు నావికుడొకడు పేర్కొనెను. ముత్యమిచ్చి సీసము కొని, దానితో కూరగాయల చిల్లర చేసికొన్నారా మనవారు?

అల్లుడు : చిల్లర లేని సంత నడువదు మామా. వెండినాణెమిచ్చి గంపెడు వంకాయలు కొనువాడు మిగిలిన వెల ఎట్లు పుచ్చుకొనును?

మామ : వెల మాట నీవే యెత్తితివి, మంచిదే. ఒక సువర్ణమునకు వెండి కార్షాపణములు ఎన్ని? నీ నాణెములను తూచి తూచి చెప్పుము, చూతము. చెప్పలేవు. నహపానుని అల్లుడు ఉషవదాతుడు నాసికలో తన దానపు లెక్కలు వ్రాయించుచు డెబ్బది వేల కార్షాపణములు రెండు వేల సువర్ణములనియు, సువర్ణమొకటికి 35 కార్షాపణములనియు తేటపరచెను. గోవర్ధనములోని సాలెల శ్రేణియందు రెండు వేల కార్షాపణములు శాశ్వతముగా నిలువ పెట్టి, నెలకు నూటికొకటి వడ్డీతో భిక్షువులకు వస్త్రములు కుదిర్చెను. నాణెమునకు విలువ కట్టినదియు, వడ్డీ కట్టినదియు శాసనమే. ఇక కాలము మాట. గౌతమీపుత్రుడు పదునెనిమిదవ యేటను, ఇరువదినాలుగవ యేటను ఇచ్చిన ఆజ్ఞలు నాసిక గోడమీద నున్నవి. యజ్ఞశ్రీ ఇరువదియేడవ పాలనవర్షమును మన చినగంజాము శాసనము చెప్పినది. నీ బిళ్లలలో ఒక్కదానిపైనను ఏడు లేదు. ఎన్నేండ్లు ఏలెనో చెప్పలేనిది రాజును గూర్చి యేమి చెప్పును?

అల్లుడు : ఎన్నేండ్లో చెప్పదు, ఉండెనా లేదా చెప్పును. మత్స్యపురాణము ముప్పదిమంది ఆంధ్రరాజులను చెప్పినది. 1939లో విదర్భయందు తర్హాళ గ్రామమున దొరికిన నిక్షేపములో కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి యని పురాణమెరుగని రాజులు ముగ్గురు బయటపడిరి. వారికి బలశ్రీ వంటి తల్లి లేదు, గుహ లేదు, పురాణములో పంక్తి లేదు. సీసమును తగరమును రాగిని కలిపి కరిగించిన నాణెములు మాత్రము కలవు. కోటిలింగాలలో గోదావరి యొడ్డున చిముక సాతవాహనుని నాణెములు దొరకువరకు ఆ మూలపురుషుని పేరు పురాణములు గాక నానేఘాటులో ఒక విరిగిన ప్రతిమ క్రింద మాత్రమే మిగిలియుండెను గదా. ఏండ్లు లెక్కించు పని తరువాతిది మామా. ముందు మనిషి దొరకవలెను.

ఇక బలశ్రీ దేశముల పట్టిక. క్రీ. శ. 150లో మహాక్షత్రపుడు రుద్రదాముడు జునాగఢమున తన శాసనము చెక్కించెను. ఆయన ఏలితినని చెప్పిన దేశములను చదివితిరా? ఆకరావంతి, అనూపము, సురాష్ట్రము, కుకురము, అపరాంతము. బలశ్రీ కొడుకునకు కట్టిన కిరీటములోని రాళ్లే ఇవి! ఒకే నేలకు ఇద్దరు ప్రభువులు, ఇద్దరివియు శిలాశాసనములే.

మామ : ఒకే కాలమున కాదు. ఒకరు గెలిచిరి, ఒకరు పోగొట్టుకొనిరి. అదే శాసనములో రుద్రదాముడు దక్షిణాపథపతియైన శాతకర్ణిని రెండుమారులు ఓడించియు, దగ్గరి చుట్టరికమువలన కూలద్రోయక విడిచితినని చెప్పెను. తన శత్రువును దక్షిణాపథపతి యని గౌరవించుట బిరుదము గొప్పదనము కాదా? ఓడినవానికి గెలిచినవాడు ఇచ్చిన బిరుదముకంటె నిజమైన బిరుదము ఎక్కడ నున్నది?

అల్లుడు : ఆ మాట కాదనను. నేను కాదనునది తనకు తాను పెట్టుకొన్నదానిని. అట్టి బిరుదము రాజ్యముకంటె ఎంతకాలము ఎక్కువ బ్రదుకునో డెన్మార్కు రాజుల వలన తెలియును. బాల్టికు సముద్రతీరపు వెండులనెడి జనులను జయించితిమని పండ్రెండవ శతాబ్దమున వారు "వెండుల రాజు" లైరి. పదునాలుగవ శతాబ్దమున గోట్లాండు ద్వీపమును పట్టుకొని "గోతుల రాజు" లైరి. ఆ వెండులు కాలక్రమమున జర్మనులలో కలిసిపోయిరి. గోట్లాండు 1645లో స్వీడనుకు పోయెను. బిరుదములు మాత్రము పోలేదు. 1972లో రెండవ మార్గరెట్ సింహాసనమెక్కి "డెన్మార్కు రాణి" యను మాట యొక్కటి నిలుపుకొని తక్కినవి విడుచువరకు, ద్వీపము పోయిన 327 ఏండ్లపాటు, ప్రతి రాజును ఆ గోతులను మోసెను. గోట్లాండును పోగొట్టుకొన్నది నాలుగవ క్రిస్టియను; 1588 మొదలు 1648 దాక ఏలినవాడు. ఆయన పేరిటనే మన తూర్పుతీరమున తరంగంబాడిలో సీసపు కాసులు చేసిరి. ఆ కాసుపై నున్నదేమి? కిరీటము క్రింద ఆయన పేరి మొదటి యక్షరము, నాలుగంకె. వెండులు లేరు, గోతులు లేరు.

మామ : తరంగంబాడి వారికిచ్చినది ఎవరనుకొంటివి? తంజావూరి రఘునాథనాయకుడు, 1620లో. తెలుగున రామాయణము చెప్పిన ప్రభువు, వాల్మీకిచరిత్రము ఆయనదే. ఆ ఒడంబడికకు కూర్చున్న ఇద్దరు రాజులలో కవి మనవాడని యెరుగుము!

అల్లుడు : (నాకు తెలిసినంతవరకు ఈ వాదములో ఇద్దరును ఏకీభవించిన తావు ఇదొక్కటే) అందులో సందేహమేమున్నది మామా.

మామ : ఇప్పుడు నా ప్రశ్న వినుము. ఆ సీసపు కాసును తరంగంబాడి వీధిలో పుచ్చుకొన్న చేపలమ్మి నాలుగవ క్రిస్టియనును తన రాజని తలచి పుచ్చుకొన్నదా? ఎదుటి కొట్టువాడు దానిని మరల పుచ్చుకొనునని పుచ్చుకొన్నది. ఆమెకు రాజు తంజావూరిలో నుండెను. ఊరుదాటని సీసము రాజును చూపునంటివి; అచట ఊరుదాటని సీసమే చూపినది పరదేశపు వర్తకుని కోటను. నీ నియమము నీ ఉదాహరణముననే విరిగినది. మరియొక మాట, నీ పటాన్‌చెరువు మాటయే. నీవు దినదినము బస్సుదిగు ఆ ఊరు పదునొకండవ శతాబ్దమున పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుడు రెండవ జయసింహుడు అచట నెలవుచేసి యేలెను. ఆయన బిరుదము జగదేకమల్లుడు. నాణెము బిరుదము మోయదంటివి గదా! ఆయన బంగారు నాణెములపై ఆ బిరుదమునే ముద్రించిరి.

అల్లుడు : ముద్రించిరి, నిజమే. ఆ పని కూడ వేరు. ఒక్క డైతో ఒక్క దెబ్బ కాదు. పలుచని బంగారు బిళ్ల చుట్టును చిన్న చిన్న పంచులతో గుర్తొకటి, అక్షరము లొకచోట, వేరువేరుగా కొట్టిరి. తీరికగా చేసిన పని యది. సంతచిల్లర చేయువానికి అంత తీరిక యుండదు. మరి ఆ జగదేకమల్లుడు ముశంగి యుద్ధమున తనకు వెన్నిచ్చి పోయెనని రాజేంద్రచోళుని శాసనములు చెప్పుచున్నవి. జగత్తునకొక్కడే మల్లుడన్న మాట ఏమాయెను?

మామ : ఆ సంగతి చెప్పినది మరల శాసనమే గదా అల్లుడా! కాని మన నాణెము గొప్పలు చెప్పదని ఇంతకుముందు నీవన్న మాటను జయసింహుని బంగారము కాదనినది.

అల్లుడు : అన్నమాటను కొంత సవరించుకొందును. బంగారము గొప్పలు మోయును. సామంతుల చేతికి, దేవాలయపు భాండాగారమునకు పోవునది గనుక. సీసము మోయదు. ఇప్పటికిని నా నమ్మకమదియే. రాజును ఎరుగవలెనన్నచో ఆయన చేయించిన అన్నిటిలో వెల తక్కువైనదానిని చూడవలెను. దానిమీద అబద్ధము వ్రాయుటకు ఎవడును శ్రమపడడు.

మామ : నా నమ్మకమును వినుము. ఈ బిళ్ల నీతో మాటాడుటకు ముందు నీకు నాసిక తెలియవలెను, జునాగఢము తెలియవలెను, పురాణము తెలియవలెను. అవి తెలియనివాని చేతికి దీనినిచ్చినచో పాతసామాను కొట్టులో కిలోల లెక్కన వేసి వచ్చును. శిలాశాసనమును ఎవడును తూకమునకు వేయడు.

అల్లుడు : ఆ మాట మాత్రము నా కడుపులో గ్రుచ్చుకొన్నది మామా. పాశమైలారము మొదలు సదాశివపేట దాక ఈ దినమున పునాదులకై, గోదాములకై, ఇండ్ల వెంచరులకై యంత్రములతో నేల త్రవ్వని చోటు అరుదు. పాటిమన్ను ఎరువునకు మంచిదని ట్రాక్టరులతో తోలుట పూర్వమునుండి యున్నదే. అందులో సీసపు బిళ్ల వచ్చినచో చూచువాడెవడు? దొరికినదానిని కడిగి, తోమి, పదిమందికి పంచుకొని, ఎచట దొరికెనో చెప్పకుండుట మనవారి యలవాటు. ఎచట దొరికెనో తెలియని నాణెము నా వాదమునకు పనికిరాదు. కొండాపురపు సీసము సాక్ష్యమైనది కొండాపురముననే దొరకుటచేత.

మామ : చట్టమొకటి యున్నది గదా?

అల్లుడు : 1878 నాటి నిధినిక్షేపముల చట్టము. పది రూపాయలకు మించిన వెలగలది నేలలో దొరికినచో దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను: ఏమి దొరికెను, ఎచట దొరికెను, ఏ దినమున దొరికెను. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవవంతు చేర్చి యియ్యవలెను.

మామ : లోహపు వెలకా! అనగా ఈ గౌతమీపుత్రుని సీసమునకు?

అల్లుడు : సీసపు ధరయు, దానిలో అయిదవవంతును.

మామ : త్రిసముద్రాధీశ్వరునకా!

అల్లుడు : అంతియే మామా. అందుకే తెలుపువారు తక్కువ.

వాదము తేలకయే వారు సంగారెడ్డి బస్సెక్కిరి. ఇద్దరిలో ఎవరి పక్షము నెగ్గినను నెగ్గకున్నను, ఆ చట్టము అడుగు మూడు ప్రశ్నలకు సమాధానము దొరికినవాడు తప్ప మరెవరును చెప్పలేరు. కాబట్టి ఈ జిల్లాలో బావి త్రవ్వించువారికి, పునాది తీయించువారికి, పాటిమన్ను తోలించువారికి నా విన్నపము: బూడిదరంగు బిళ్ల యేదైనను కనబడినచో తోమకుడు, కరిగింపకుడు, దొరికిన చోటును, లోతును, తేదీని ఒక కాగితముపై వ్రాసి, బిళ్లతో కూడ సంగారెడ్డి కలెక్టరు కార్యాలయమున నిచ్చి రసీదు పుచ్చుకొనుడు.